గుమ్మడికాయ బిస్కెట్లు, అటు తిప్పిన మొహాలు

నేను ముప్పై ఒక్క ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా పనిచేశాను. మా ఊళ్ళో ఇప్పుడు ఆటోలు నడిపేవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని పుట్టింటికి వచ్చే అమ్మాయిలు, మొన్న వార్డు మెంబరుగా గెలిచిన కుర్రాడు, అందరూ ఒకప్పుడు నా చేతి ముద్ద తిన్నవాళ్ళే. మొండికేసి నోరు బిగించిన పిల్లని లొంగదీసుకోవడం నాకు తెలిసినట్టు జిల్లాలో ఇంకెవరికీ తెలియదని ఒక మీటింగులో మా సూపర్‌వైజరు అంది. ఆవిడ ఒక్కసారే అంది గానీ, ఆ మాట నేను వందసార్లు చెప్పుకుని ఉంటాను. అలాంటి నన్ను ఏడాది కూడా నిండని పిల్లాడు, అదీ నా సొంత మనవడు, మూడు నెలలపాటు ముప్పుతిప్పలు పెట్టాడు.

మా అమ్మాయి, అల్లుడు మస్కట్ దగ్గర అల్ అమెరాత్‌లో ఉంటారు. అల్లుడు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ సూపర్‌వైజరు. ఆ ఏడాది సైట్ ఇబ్రాలో పడింది. ఆదివారం తెల్లవారకుండా కారెక్కితే గురువారం సాయంత్రానికి గాని ఇంటికి చేరేవాడు కాదు. శుక్రవారం, శనివారం అక్కడ సెలవు. మిగతా రోజుల్లో ఇంట్లో అమ్మాయీ, పిల్లాడూ, నేనూ.

మనవడు ఏడో నెలలోనే పుట్టాడు. ఆరు వారాలు ఆసుపత్రి అద్దాల పెట్టెలో ఉన్నాడు. పాలు చప్పరించే శక్తి లేదని ముక్కులోంచి కడుపులోకి సన్నటి ట్యూబు వేసి పాలు పోశారు. అది జారిపోకుండా బుగ్గకి ప్లాస్టరు అంటించేవాళ్ళట. మార్చిన ప్రతిసారీ మొహమంతా కందిపోయేలా ఏడ్చేవాడట. ఇదంతా అమ్మాయి నాకు ఒక్కసారే చెప్పింది. రెండోసారి అడిగితే లేచి వెళ్ళిపోయింది.

నేను వెళ్ళేసరికి వాడికి తొమ్మిదో నెల. పాలు తాగుతున్నాడు, నవ్వుతున్నాడు, పిర్రల మీద జరుగుతూ ఇల్లంతా తిరుగుతున్నాడు. కానీ చెంచా కనిపిస్తే చాలు, పెదాలు గీత గీసినట్టు బిగుసుకుపోయేవి. బలవంతంగా కాస్త జావ పెట్టామా, దాంతోపాటు పొద్దుట తాగిన పాలు కూడా కక్కేసేవాడు. గొంతులో లోపమేమీ లేదని, నోటి దగ్గరికి వచ్చేదంతా ట్యూబే అనుకుని భయపడుతున్నాడని డాక్టరమ్మ చెప్పింది. బలవంతం చెయ్యొద్దంది. అయితే బరువు మాత్రం రెండు నెలలుగా ఉన్నచోటే ఉంది. ఫిబ్రవరి నెలాఖరుకి మళ్ళీ తీసుకురమ్మని, అప్పటికీ తిండి మొదలుపెట్టకపోతే మళ్ళీ ట్యూబు సంగతి ఆలోచించాల్సి వస్తుందని చెప్పి పంపింది.

"మళ్ళీ ఆ ట్యూబు వేస్తే నేను చూళ్ళేనమ్మా," అంది అమ్మాయి, నేను వచ్చిన రోజునే, నా పెట్టె ఇంకా తెరవకముందే.

"వారం చాలే నాకు," అన్నాను. అంత ధీమాగా అన్నాను.

ఆ వారం మేము వాడికి తిండి పెట్టిన తీరు ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. అమ్మాయి వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేతులు పట్టుకునేది. నేను ఎదురుగా చెంచాతో. ఇబ్రా నుంచి అల్లుడు ఫోన్‌లో వీడియో కాల్ మీద, తలమీద సైట్ టోపీతో, వాడి దృష్టి మళ్ళించడానికి పిల్లి కూతలు కూసేవాడు. అదే కాల్‌లోకి ఒక్కోరోజు మా వియ్యపురాలు కూడా వచ్చేది, ఆవిడ వెనకాల ఆవిడ ఆడపడుచు. నేను పాటలు పాడేదాన్ని, కాకిని పిలిచేదాన్ని. చెంచా వాడి పెదాల దగ్గరికి వెళ్ళగానే అందరం ఊపిరి బిగబట్టి, మాటలు మానేసి, వాడి నోటికేసి చూసేవాళ్ళం. వాడు మా అందరినీ ఒకసారి కలియజూసి నోరు మూసుకునేవాడు.

వారమైంది, రెండు వారాలైంది. నాకు తెలిసిన విద్యలన్నీ అయిపోయాయి. చివరికి, ఇది తిండి గొడవ కాదు, దిష్టి అని తేల్చాను. ఎవరిదో పాపిష్టి కన్ను పడింది. లిఫ్టులో ఒకామె "ఎంత ముద్దొస్తున్నాడో" అందని అమ్మాయి చెప్పింది, అది చాలు నాకు. సందె వేళ వాణ్ణి కూర్చోబెట్టి, గుప్పెడు ఉప్పూ మూడు ఎండుమిరపకాయలూ చుట్టూ తిప్పి, పాత పెనం మీద వేసి మంట పెంచాను. మిరపకాయలు నల్లబడ్డాయి గానీ ఘాటు కొంచెం కూడా రాలేదు. చూశావా, ఘాటు రాలేదంటే ఎంత గట్టిగా తగిలిందో అని అమ్మాయికి చెబుతూ ఉండగానే తలుపు తట్టారు.

బయట నలభై అయిదేళ్ళావిడ, తలమీద ముసుగు, కళ్ళ నిండా నీళ్ళు.

"ఈడ తెలుగోళ్ళు ఎవురక్కా?" అంది. "మిరపకాయ ఘాటంతా మా పెరట్లోకి వచ్చింది. బట్టలారేస్తా ఉంటే దగ్గుతో చచ్చినా. ఎవురికి దిష్టి తీసినారు?"

వంటగదిలో పొగ లాగే ఫ్యాను తిరుగుతోందన్న సంగతి నాకు గుర్తే లేదు. దిష్టి ఘాటంతా గోడ అవతలికి ఎగుమతి చేసి, ఇక్కడ రాలేదని కూర్చున్నాను. అమ్మాయి నవ్వాపుకోలేక లోపలికి పారిపోయింది. నేను వచ్చాక అది నవ్వగా చూడటం అదే మొదటిసారి, అందుకని కోపం కూడా రాలేదు.

ఆవిడది కడప వైపు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన మనిషి. మా బిల్డింగు పక్కనే గోడ ఆనుకుని ఉన్న ఒమానీల ఇంట్లో పద్నాలుగేళ్ళుగా వంటా పనీ చేస్తోంది. ఆ ఇంట్లో ముగ్గురు కొడుకులు, కోడళ్ళు, బడి పిల్లలు, పాకే పిల్లలు, అందరిమీదా ఒక ముసలమ్మ. అక్కడ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళంతా ఇంటావిణ్ణి మామా అంటారు కాబట్టి ఈవిడకీ ఆమె మామా. నేను అడక్కుండానే ఇవన్నీ గుమ్మంలో నిలబడే చెప్పేసింది. నేనూ మనవడి సంగతంతా చెప్పేశాను. తెలుగు వినబడి ఎన్నాళ్ళయిందో ఆవిడకి, ఇంట్లోవాళ్ళు కాక ఇంకొకరితో మాట్లాడి ఎన్నాళ్ళయిందో నాకు.

మర్నాడు మూత డబ్బాలో నాలుగు బిస్కెట్లు తెచ్చింది. గుమ్మడికాయ బిస్కెట్లు. వాళ్ళింట్లో రెండు రోజులకోసారి చేస్తుందట.

"పళ్ళు రానోళ్ళకూ పళ్ళు ఊడిపోయినోళ్ళకూ మా ఇంట్లో ఒగటే పిండి," అంది. "చంటోళ్ళవి ముందు తీసిపెట్టి, మిగిలినదాంట్లో ఖర్జూరం పాకం, నువ్వులు కలిపి పెద్దోళ్ళకు చేస్తా."

ఒకటి విరిచాను. బిస్కెట్టంటే పటుక్కుమనాలి కదా, ఇది చప్పుడు లేకుండా విడిపోయింది. లోపల పసుపు కాదు, నారింజ కాదు, ఆ రెండింటి మధ్య రంగు. నాలుక మీద పెట్టుకుని అంగిటికి నొక్కితే నమలకుండానే కరిగింది. చక్కెర లేదు, ఖర్జూరం తీపి, చివర్లో ఏలకుల వాసన. ఇన్నేళ్ళు పిల్లలకి పిండి జావలు కాచి పోశాను, ఇలాంటిది ఒకటి చెయ్యొచ్చని నాకెందుకు తోచలేదో. వెంటనే చిన్న ముక్క తుంచి, మనవడి బుగ్గలు నొక్కి, పెదాల మధ్య పెట్టాను. కక్కేశాడు.

నేనేమో తప్పు నాలో ఉందనుకోలేదు. డబ్బాలో చల్లారిపోయినవి కదా, ఇంట్లో నా చేత్తో వేడివేడిగా చేస్తే వాసనకే వస్తాడనుకున్నాను. నేర్పమన్నాను. సోమవారంనాడు వాళ్ళ తోటలో కాసిన నిండు గుమ్మడికాయ ఒకటి తెచ్చిచ్చింది. నేను దాన్ని గురువారం దాకా వంటగట్టు మీద కూర్చోబెట్టాను.

ఎందుకంటే నిండు గుమ్మడికాయకి ఆడవాళ్ళు కత్తి పెట్టకూడదు. మగవాడు ముందు గాటు పెట్టాలి, ఆ తర్వాత ముక్కలు మనం కోసుకోవచ్చు. ఎందుకని మా అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంట్లో కాన్పయిన పిల్ల, చంటి పిల్లాడు ఉండగా అసలే కుదరదన్నాను. మగాడే కదా కావలసింది, వీడు లేడా అని అమ్మాయి మనవడి చేతికి చెంచా ఇచ్చి కాయ ముందు కూర్చోబెట్టింది. గురువారం అల్లుడు ఇబ్రా దుమ్ముతో గుమ్మంలో అడుగు పెట్టగానే మంచినీళ్ళకన్నా ముందు కత్తి ఇచ్చాను. పాపం, బుద్ధిగా గాటు పెట్టి, "ఇక స్నానం చెయ్యమంటారా అత్తయ్యగారూ?" అన్నాడు.

ఆ ఇంట్లో ఓవెన్ ఉంది. మన ఇళ్ళల్లో ఓవెన్ ఎందుకుంటుందో అందుకే ఉంది, పెనాలూ మూకుళ్ళూ దాచుకోవడానికి. అవన్నీ తీసి వేడెక్కించాం. పైఅరలో వెనక్కి జారిపోయిన ప్లాస్టిక్ మూత ఒకటి ఎవరికీ కనబడలేదు. కిటికీలన్నీ తీసి, కాలిన ప్లాస్టిక్ పొగంతా బయటికి పంపించి, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాం. ఆ రోజు గుమ్మడి గుజ్జులో నీరు పిండకుండా కలిపేశాను. పెట్టినవి పన్నెండు, అన్నీ కలిసి ఒకటే పలకగా బయటికి వచ్చాయి. ఆ మరుసటిసారి ఎర్రగా వేగాలి కదా అని ఉంచేశాను. అల్లుడు ఒకటి కొరికి, దవడ పట్టుకుని, బాగుందండీ అన్నాడు.

కడపావిడ వచ్చి పక్కన నిలబడి చేయించింది. గ్లాసు లేదు, చెంచా లేదు, అంతా చేతి కొలతే. గుమ్మడికాయ ఆవిరి మీద ఉడికించి, మెదిపి, పలచటి గుడ్డలో వేసి గట్టిగా పిండాలి. గింజ తీసిన ఖర్జూరాలు వేడినీళ్ళలో నానబెట్టి అందులోనే మెత్తగా చెయ్యాలి. ఓట్సు పొడి కొట్టి, కాస్త గోధుమపిండి, నెయ్యి, ఏలకుల పొడి, చిటికెడు బేకింగ్ పౌడరు. ఉప్పు వద్దు, చక్కెర వద్దు. తడి చేత్తో చిన్న చిన్న బిళ్ళలుగా ఒత్తి పెట్టి, నడుమ వేలితో తాకితే ఇంకా కుంగుతూ ఉండగానే బయటికి తీసెయ్యాలి. చల్లారాక రెండు వేళ్ళ మధ్య నొక్కితే బలం పెట్టకుండా నలగాలి. అలా నలగకపోతే అది పెద్దవాళ్ళ వాటా, చంటివాళ్ళకి ఇవ్వడానికి వీల్లేదంది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆవిడ నవ్వకుండా, రెండుసార్లు చెప్పింది.

జనవరి సగానికి నాకు చెయ్యి తిరిగింది. నావి కూడా చప్పుడు లేకుండా విడిపోయేవి. అల్లుడు డబ్బా నిండా ఇబ్రా తీసుకెళ్ళేవాడు, సైట్‌లో అందరూ మీ అత్తగారు మళ్ళీ ఎప్పుడు పంపిస్తారని అడుగుతున్నారని చెప్పేవాడు. అమ్మాయి టీలో ముంచుకుని తినేది. బిల్డింగు వాచ్‌మన్ తిన్నాడు, లిఫ్టులో ముద్దొస్తున్నాడన్నామె కూడా తిని రెసిపీ అడిగింది. ఎవరికోసం చేశానో వాడు తప్ప అందరూ తిన్నారు. ఫిబ్రవరి వచ్చింది. అమ్మాయి గోడమీద కేలండరు కేసి చూడటం మానేసింది, అటు వెళ్ళవలసి వస్తే తల దించుకుని వెళ్ళేది.

ఒక శుక్రవారం మామా మమ్మల్ని భోజనానికి పిలిచింది. అల్లుడు సైట్‌లో పని పడి ఆ వారం రాలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని అమ్మాయీ నేనూ పెరటి దారిన వెళ్ళాం. పెరట్లో చాప మీద ఆమె కూర్చుని ఉంది. డెబ్భై అయిదు దాటి ఉంటాయి. గోళ్ళకీ అరచేతులకీ ఎర్రగా గోరింటాకు. మోకాళ్ళ మధ్య ఇంత నిండు గుమ్మడికాయ. నేను చూస్తుండగానే నోట్లో ఏదో అనుకుని, పెద్ద కత్తి ఎత్తి ఒక్క వేటు వేసింది. కాయ రెండు చెక్కలైంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

ఎందుకు భయపడ్డానని అడిగింది. కడపావిడ మా ఆచారం సంగతి అరబ్బీలో చెప్పింది. ముసలమ్మ చాలాసేపు ఆలోచించి ఏదో అంది.

"మీ ఊర్లో మొగోళ్ళు అంత కాళీగా ఉంటారా అంటా ఉంది," అంది కడపావిడ.

ఆ రోజు నాకు కలిగిన ఆశ్చర్యం గుమ్మడికాయ దగ్గర ఆగలేదు. భోజనానికి అందరూ నేలమీద పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చున్నారు, ఆడవాళ్ళమంతా ఒక చోట. అన్నం, మాంసం, పక్కన పెరుగు. ముగ్గురు చంటిపిల్లలు ఆ మధ్యలో పాకుతున్నారు. ఒకడు వాళ్ళ పెద్దమ్మ మోకాలు పట్టుకుని లేచి పళ్ళెం అంచునుంచి మెతుకులు ఏరుకుంటున్నాడు. ఒకమ్మాయి ఎవరో వదిలేసిన ఉడికిన గుమ్మడి ముక్కని పిడికిట్లో నలిపి, సగం జుట్టుకి పూసుకుని, సగం నాకుతోంది. వాళ్ళ తల్లులు పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర ఉన్నారు. కబుర్లు చెప్పుకుంటున్నారు, తింటున్నారు, నవ్వుతున్నారు. పిల్లలు తింటున్నారా లేదా అని మాత్రం ఒక్కరూ చూడటం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నేనలాంటి భోజనం ఎక్కడా చూడలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఇటు పక్క మేము. అమ్మాయి ఒళ్ళో మనవడు, నా చేతిలో చెంచా, ఇద్దరి కళ్ళూ వాడి నోటి మీద. వాడు ఎప్పటిలాగే పెదాలు బిగించాడు.

తర్వాత ఏలకుల కాఫీ, బిస్కెట్లు వచ్చాయి. ఆ ఇంటి చంటిది ఒక బిస్కెట్టు తీసుకుని, విరిచి, కింద పడేసుకుంది. నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఆ ముక్క తీసి పిల్ల నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. అది నా చేతికి అలవాటైన పని. మామా నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు గానీ వదల్లేదు. నా మొహంలోకి చూస్తూ మెల్లగా ఏదో చెప్పింది. కడపావిడ తెలుగులో చెప్పకుండా నీళ్ళు నమిలింది.

"ఏమందో చెప్పు, పర్లేదు," అన్నాను.

"నువ్వు తింటా ఉంటే నలుగురు నీ నోట్లోకే చూస్తా కూచుంటే, నీకు ముద్ద దిగుతుందా అని అడుగుతా ఉంది అక్కా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరికి చెబుతోంది, ఎన్ని వందల మంది పిల్లలకి పెట్టిన చెయ్యి ఇది! కాఫీ సగంలో వదిలేసి, పని ఉందని చెప్పి వచ్చేశాను. ఇంటికి వచ్చి వంటగదిలో గిన్నెలు చప్పుడయ్యేలా తోమాను. తోముతూ తోముతూ లెక్క పెట్టడం మొదలుపెట్టాను. అమ్మాయివి రెండు కళ్ళు. నావి రెండు. ఫోన్‌లో అల్లుడివి, వియ్యపురాలివి, ఆవిడ ఆడపడుచువి. వాడికి చెంచా కనిపించిన ప్రతిసారీ, రోజుకి నాలుగుసార్లు, ఇన్ని కళ్ళు ఊపిరి బిగబట్టి వాడి నోటిమీద వాలాయి. అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు కూడా ట్యూబు వేసే ముందు ఇలాగే చుట్టూ నిలబడి, ఇలాగే మౌనంగా వంగి చూసి ఉంటారు. వాడికి ఎలా తెలుస్తుంది, ఇవి వేరే కళ్ళని?

లిఫ్టులో ఆమె కన్ను అన్నాను. ఎవరెవరి కళ్ళనో అనుమానించి గుప్పెళ్ళకొద్దీ ఉప్పు మాడ్చాను. పిల్లాడికి తగిలిన దిష్టి మాదే. గిన్నెలు వదిలేసి అక్కడే గట్టు పట్టుకుని ఏడ్చాను.

ఆ మర్నాటినుంచి ఇంట్లో కొత్త చట్టం. తిండి వేళ ఫోన్ లేదు, పాటల్లేవు, కాకిని పిలవడాల్లేవు. వియ్యపురాలికి కోపం వచ్చింది, వస్తే రానిమ్మన్నాను. వంటగది నేలమీద చాప పరిచి, వాణ్ణి కూర్చోబెట్టి, ముందు పళ్ళెంలో రెండు మెత్తటి బిస్కెట్లు పెట్టి, పక్కనే మేమూ కూర్చుని మాది మేము తినేవాళ్ళం. దగ్గరుండాలి, లేచి వెళ్ళకూడదు, కానీ నోటికేసి చూడకూడదు. వాళ్ళింట్లో పద్ధతి ఇదేనని కడపావిడ తర్వాత వచ్చి చెప్పింది.

చెప్పడం తేలికే. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. నా మెడ దానంతటదే అటు తిరిగేది, అమ్మాయి నా గడ్డం పట్టుకుని ఇటు తిప్పేది. మొదటి వారం వాడు బిస్కెట్టుని ముట్టుకోలేదు. తర్వాత వేలితో పొడిచాడు. ఆ తర్వాత పిడికిట్లో నలిపి, చాపకి పూసి, కడుపుకి పూసుకున్నాడు. మెత్తగా నలిగిన ప్రతిసారీ ఆగి, తన చేతికేసి చూసుకునేవాడేమో. నేను చూడలేదు, తర్వాత చాప మీద మరకల్ని బట్టి ఊహించుకునేదాన్ని. ఎంత చిన్న వేళ్ళ గుర్తులో అవి. ఈ వేళ్ళు మునుపు ట్యూబు పీక్కోకుండా గుడ్డ చుట్టి కట్టిన వేళ్ళు. వాటికి ఇప్పుడు ఏం కావాలంటే అది పట్టుకునే వీలుందన్న సంగతి వాడు నేర్చుకుంటున్నాడు, మేము అడ్డం రాకుండా ఉంటే.

క్లినిక్ గురువారం, నా విమానం శనివారం. మంగళవారం పొద్దున చూస్తే డబ్బాలో బిస్కెట్లు అయిపోయాయి. గట్టు మీద మామా పంపిన కొత్త గుమ్మడికాయ ఉంది, నిండుది. అల్లుడు ఇబ్రాలో ఉన్నాడు. గురువారం దాకా ఆగడానికి నా దగ్గర రోజుల్లేవు. కాయని కాసేపు చూశాను. అమ్మా, తప్పయితే నాకు తగలనీ, వాడికి కాదు అనుకున్నాను. చీర కొంగు దోపుకుని కత్తి దింపాను. ఒక్క వేటుకి తెగలేదు, మూడు పట్టాయి. తెగాక లోపల అదే రంగు, అవే గింజలు.

మొదటి వాయి చల్లారాక వాడి ముందు రెండు పెట్టి, రెండో వాయి ఓవెన్‌లో పెట్టి, దాని ముందు చతికిలబడ్డాను. వాడు నా వెనక, చెయ్యి చాపితే అందేంత దూరంలో. లోపల లైటు ఎప్పుడో పోయింది. ఓవెన్ తలుపు అద్దం నల్లగా ఉంది. ఎన్నో రోజులనుంచి దాని ముందే కూర్చుంటున్నాను గానీ అందులో వంటగదంతా కనబడుతుందని ఆ రోజే గమనించాను. అద్దంలో వాడున్నాడు.

బిస్కెట్టు తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. నా వీపుకేసి చూశాడు. వీపుకి కళ్ళుండవు కదా. మెల్లగా పెదాలకి ఆనించుకున్నాడు, తీసేశాడు, మళ్ళీ ఆనించుకున్నాడు. నాలుక కొస బయటికి వచ్చింది. ఆ తర్వాత నోరు తెరిచాడు. ఎవరూ తెరవమనలేదు. వాడే తెరిచాడు. చిగుళ్ళతో ఒక మూల కొరికి, కళ్ళు పెద్దవి చేసి, నోట్లో ఏముందో వింటున్నట్టు కదలకుండా కూర్చున్నాడు. గొంతు కదిలింది. దిగింది.

ఇన్నేళ్ళు ఇన్ని వందల ముద్దలు పెట్టాను, ఒక మనిషి మొదటిసారి తన తిండి తాను తినడం నేను ఎప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. చూసే వీలు లేకుండా నా చెయ్యే అడ్డం ఉండేది.

అమ్మాయి బట్టలు మడతపెట్టడం ముగించి గుమ్మంలోకి వచ్చింది. అద్దంలోనే దానికి వేలు చూపించాను, ఆగమని. అది చూసింది. రెండు చేతులతో నోరు నొక్కుకుంది. చప్పుడు చెయ్యకుండా వచ్చి నా పక్కనే, వాడికి వీపు పెట్టి, ఓవెన్‌కి ఎదురుగా కూర్చుంది. తల్లీకూతుళ్ళం ఇద్దరం ఆ నల్లటి అద్దంలోకి చూస్తూ ఏడుస్తున్నాం. లోపల రెండో వాయి మాడుతున్న వాసన వస్తోంది. ఎవరూ లేవలేదు.

అంతలో నా వీపు మీద తడిగా, జిగటగా ఒక చెయ్యి తగిలింది. పళ్ళెం ఖాళీ. వెనక్కి తిరగకుండానే గట్టు మీద డబ్బా అందుకుని, చెయ్యి వెనక్కి చాపి ఇంకొకటి ఇచ్చాను.

గురువారం క్లినిక్‌లో బరువు దాదాపు అంతే ఉంది, రెండు రోజుల్లో ఏం పెరుగుతుంది. తింటున్నాడని అమ్మాయి చెప్పింది. డాక్టరమ్మ సంతోషమే గానీ, తను చూడాలంది, మింగడం ఎలా ఉందో తెలియాలంది. అమ్మాయి మొహం పాలిపోయింది. వాడికి ఆ గది తెలుసు, ఆ తెల్లకోటు తెలుసు. అప్పటికే పెదాలు బిగించాడు.

"ఆవిణ్ణి అటు తిరగమని చెప్పవే," అన్నాను.

"అమ్మా, ఆవిడ డాక్టరు."

"చెప్పు ముందు."

అమ్మాయి తడబడుతూ ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరమ్మ నాకేసి చూసింది. నేను చేత్తో గోడ చూపించాను. ఆవిడ నవ్వలేదు. అమ్మాయితో ఏదో అంది, పిల్లాణ్ణి ఒళ్ళోనే ఉంచుకుని వీపు మీద చెయ్యి వేసి ఉంచమని. తన కుర్చీని గోడవైపు, సింకు మీదున్న అద్దానికి ఎదురుగా తిప్పుకుంది. నర్సు మందుల బీరువా వైపు తిరిగింది. నేను కిటికీ వైపు తిరిగి, డబ్బాలోంచి ఒకటి తీసి కొరుక్కున్నాను. బయట చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు, వాటిమీద ఎండ. చాలాసేపటికి, మెత్తగా, చిగుళ్ళ చప్పుడు.

డాక్టరమ్మ గోడమీది అద్దంలోకి చూస్తూనే ఏదో అంది.

"ఏమందే?" అన్నాను కిటికీతో.

"ట్యూబు అక్కర్లేదంటోందమ్మా."

అయినా ఎవరం ఇటు తిరగలేదు. వాడింకా తింటున్నాడు.